ఫార్మాట్ కొట్టకుండా విండోస్‌ను పెద్ద డిస్క్‌లోకి మార్చుకోవడం ఎలా

'దిస్ పీసీ' తెరవగానే సి డ్రైవ్ గీత ఎర్రగా కనిపిస్తే డిస్క్‌లో పది శాతం జాగా కూడా మిగల్లేదని అర్థం. టెంపరరీ ఫైళ్లు తుడిచేస్తారు, రీసైకిల్ బిన్ ఖాళీ చేస్తారు, ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేస్తారు. వారం తిరక్కముందే మళ్లీ ఎరుపే. అనంతపురంలో ఏ రిపేరు షాపులో అడిగినా ఒకటే జవాబు వస్తుంది: "కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి, ఫార్మాట్ కొట్టి, విండోస్ ఎక్కిస్తాం సార్. సాయంత్రానికి ఇచ్చేస్తాం."

ఇంట్లో సినిమాలు చూసుకునే సిస్టమ్‌కైతే అది మంచి సలహానే. ఏళ్ల తరబడి పేరుకున్న చెత్తంతా పోతుంది. కానీ గడియార స్తంభం దగ్గర ఒక జెరాక్స్ షాపు సిస్టమ్‌ను ఊహించుకోండి. అందులో ట్యాలీ ఉంటుంది, అను ఫాంట్లతో పేజ్‌మేకర్ ఉంటుంది, వేలిముద్ర మిషన్‌కు ఆర్‌డీ సర్వీస్ ఉంటుంది, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ డ్రైవర్ ఉంటుంది, ఎప్పుడో కొన్న ప్రింటర్ డ్రైవర్ ఉంటుంది. ఆ డ్రైవర్ సీడీ ఎక్కడుందో ఓనరుకే తెలియదు. ఇవన్నీ మళ్లీ ఒక్కొక్కటే వేసుకుంటూ కూర్చుంటే రెండు రోజులు షాపు మూసుకోవాల్సిందే. అలాంటి సిస్టమ్‌కు క్లోన్ చేయడమే దారి. పాత డిస్క్‌లో ఉన్నది ఉన్నట్టుగా, విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులు, డెస్క్‌టాప్ మీది ఐకాన్లతో సహా కొత్త డిస్క్‌లోకి దించుతాం.

ఒక్క సందర్భంలో మాత్రం క్లోన్ వద్దు. విండోస్ ఇప్పటికే వైరస్‌తోనో, రోజూ వచ్చే బ్లూ స్క్రీన్‌తోనో బాధపడుతుంటే ఆ రోగం కూడా కొత్త డిస్క్‌లోకి వచ్చేస్తుంది. అప్పుడు షాపువాడి మాటే వినండి.

ఏ డిస్క్ కొనాలి

పెద్దది కావాలనగానే 2 టీబీ హార్డ్ డిస్క్ మీదికి మనసు పోతుంది. విండోస్ కోసమైతే తిరిగే హార్డ్ డిస్క్ మళ్లీ కొనకండి. 500 జీబీ హార్డ్ డిస్క్ తీసి, లోపల తిరిగే భాగాలు లేని 1 టీబీ ఎస్‌ఎస్‌డీ వేస్తే జాగా సమస్యతో పాటు ఐదు నిమిషాల బూటింగ్ సమస్యా పోతుంది. పాత హార్డ్ డిస్క్ డేటాకు వాడుకోవచ్చు. 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీ అనే కనిపిస్తుంది, 500 జీబీ అంటే 465. మోసపోయామని అనుకోకండి, కంపెనీలు వెయ్యితో లెక్కిస్తాయి, విండోస్ 1024తో లెక్కిస్తుంది, అంతే.

కొనేముందు మీ సిస్టమ్‌లో ఏది పడుతుందో చూసుకోండి. డెస్క్‌టాప్‌కూ పాత ల్యాప్‌టాప్‌కూ రెండున్నర అంగుళాల సాటా (మామూలు హార్డ్ డిస్క్‌లు తగిలించే కనెక్షన్) ఎస్‌ఎస్‌డీ చాలు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే ఎం.2 ఉంటుంది. తిరకాసు ఇక్కడే ఉంది: ఎం.2 ఆకారంలోనే సాటా రకమూ ఉంది, అంతకన్నా వేగమైన ఎన్‌విఎంఈ రకమూ ఉంది. స్లాట్ ఒకేలా కనిపించినా కొన్ని పాత ల్యాప్‌టాప్‌లు అందులో సాటాను మాత్రమే గుర్తిస్తాయి. మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో మాన్యువల్ చూడండి. ఉన్నదాన్ని విప్పి లేబుల్ ఫొటో తీసుకుని షాపులో చూపించడం ఇంకా మంచిది. పొడవు కూడా చూసుకోవాలి. 2280 అంటే 22 మి.మీ. వెడల్పు, 80 మి.మీ. పొడవు.

పార్టుల కోసం మనవాళ్లు బెంగళూరు ఎస్‌పీ రోడ్డుకు పోయి రావడం మామూలే. అనంతపురం నుంచి 215 కిలోమీటర్లు, పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటారు. అక్కడ బిల్లు, వారంటీ లేకుండా "ఓపెన్ పీస్" అంటూ తక్కువకు ఇచ్చేవి తీసుకోకండి. ఎక్కడ కొన్నా ఇంటికి రాగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో 'పవర్ ఆన్ అవర్స్' చూడండి. కొత్త డిస్క్‌కు అది సున్నానో, ఒకటో రెండో ఉండాలి. వేలల్లో ఉంటే ఆ డిస్క్ ఇంకెవరి దగ్గరో పనిచేసి వచ్చిందని.

డిస్క్‌తో పాటు తగిలించే సాధనం కూడా కావాలి. డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీద ఖాళీ సాటా పోర్టు ఉంటే మామూలు సాటా కేబుల్ చాలు. ల్యాప్‌టాప్‌కైతే సాటా నుంచి యూఎస్‌బీ 3.0కు మార్చే కేబుల్ తెచ్చుకోండి. ఎన్‌విఎంఈ డిస్క్‌కు దాని ఎన్‌క్లోజర్ (డిస్క్ పెట్టి యూఎస్‌బీకి తగిలించే డబ్బా) వేరు, సాటా కేబుల్ పనికిరాదు. పోర్టు లోపల నీలం రంగు ఉంటే సాధారణంగా అది యూఎస్‌బీ 3.0. నల్లదో తెల్లదో అయితే 2.0 అయ్యుండొచ్చు, అందులో పెడితే నలభై నిమిషాల పని రెండు గంటలు లాగుతుంది.

ముందు చేయాల్సినవి

అసలు టెన్షన్ అంతా క్లోన్ నొక్కే ముందే తీర్చుకోవాలి. నొక్కాక మనం చేసేది చూస్తూ కూర్చోవడమే.

మొదట పాత డిస్క్ ఆరోగ్యం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 'గుడ్' అని నీలంగా ఉంటే ముందుకెళ్లండి. పసుపు రంగులో 'కాషన్' అని ఉంటే కింద పట్టికలో 05, సీ5, సీ6 అనే వరసలు చూడండి. 05 అంటే చెడిపోయి పక్కన పెట్టేసిన సెక్టార్లు, సీ5 అంటే చదవలేక ఊగిసలాడుతున్నవి, సీ6 అంటే ఇక చదవడం కుదరనివి. చివరి రెండింటిలో సున్నా కాని అంకె ఉంటే క్లోన్ మధ్యలో ఆగిపోవచ్చు. ఆ డిస్క్‌ను ఇంకేమీ కదిలించకుండా ముందు ముఖ్యమైన ఫైళ్లు బయటికి తీయండి. డిస్క్ లోపల టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంటే అదీ మానుకుని కరెంటు తీసేసి డేటా రికవరీ వాళ్ల దగ్గరికి పోవాలి. అలాంటి డిస్క్ మీద క్లోన్ ప్రయత్నిస్తే ఉన్నదీ పోతుంది.

రెండోది బ్యాకప్. క్లోన్ కూడా ఒక కాపీయే కదా, మళ్లీ బ్యాకప్ ఎందుకని అడుగుతారు. ఎందుకంటే, క్లోన్‌లో అందరికన్నా ఎక్కువ మందిని ముంచేది సాఫ్ట్‌వేర్ కాదు, సోర్స్‌ను (కాపీ తీయాల్సిన డిస్క్‌ను) టార్గెట్ (కాపీ పడాల్సిన డిస్క్) అనుకోవడం. ఖాళీ డిస్క్‌ను నిండు డిస్క్ మీదికి కాపీ చేస్తే నిండుదీ ఖాళీ అవుతుంది. అందుకే ట్యాలీ డేటా ఫోల్డర్, పిల్లల ఫొటోలు, ప్రాజెక్టు రిపోర్టులు మూడో చోట, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనో గూగుల్ డ్రైవ్‌లోనో, ఉండి తీరాలి. జేఎన్‌టీయూలో ఫైనలియర్ చదివే పిల్లలకు ప్రత్యేకంగా చెప్తున్నా. రికార్డు సబ్‌మిషన్ వారంలో ఈ పని పెట్టుకోకండి.

తర్వాత ఈ పనులు వరసగా చేయండి:

1. సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్, టూల్స్, చెక్ నొక్కండి. ఫైల్ సిస్టంలో తప్పులుంటే సరిచేయించండి. డి, ఇ డ్రైవ్‌లకూ అంతే.

2. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి 'ఫాస్ట్ స్టార్టప్' టిక్ తీసేయండి. అది ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో బయటి నుంచి డిస్క్‌ను ముట్టుకోకూడదు. క్లోన్‌జిల్లా లాంటి క్లోన్ చేసే ప్రోగ్రాములు అక్కడే మొరాయిస్తాయి.

3. డిస్క్‌లోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో సెట్టింగ్స్‌లో చూడండి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో మనకు చెప్పకుండానే ఆన్ అయి ఉంటుంది. 48 అంకెల రికవరీ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ముందు దాన్ని కాగితం మీద రాసుకోండి. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, పూర్తిగా విప్పుకునే దాకా ఆగండి. పని అయ్యాక మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

4. లైసెన్స్ ఉన్న ప్రోగ్రాములు చూసుకోండి. విండోస్ యాక్టివేషన్ మదర్‌బోర్డ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి డిస్క్ మారినా పోదు. ట్యాలీ లాంటివి కొన్ని హార్డ్‌వేర్ మారితే గొడవ చేయొచ్చు. ట్యాలీలో లైసెన్స్ సరెండర్ చేసే వీలుంది. దాని సీరియల్ నంబర్, రిజిస్టర్ చేసిన ఈమెయిల్ పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. అకౌంటెంట్ మెయిల్‌తో రిజిస్టర్ చేసి, ఆయన మానేసి వెళ్లిపోయి ఉంటే ఈ పని కన్నా ముందు ఆయన్ను పట్టుకోవాలి!

5. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి దాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఆ పేరు కనిపిస్తుంది. ఏ డిస్క్ ఎంత సైజు, ఏ పార్టిషన్ (సి, డి లాంటి డిస్క్ ముక్క) ఏ వరసలో ఉందో ఆ ఫొటోయే తర్వాత దారి చూపిస్తుంది.

కరెంటు సంగతి మర్చిపోకండి. ఎండాకాలం మధ్యాహ్నం మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది, చార్జర్ పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్‌కైతే ముసలి యూపీఎస్‌ను నమ్ముకోకండి. ఇన్వర్టర్ లైన్ మీదికి మార్చండి, లేదంటే షాపు కట్టేశాక రాత్రి పూట చేయండి. మామూలు క్లోన్ మధ్యలో కరెంటు పోతే పాత డిస్క్‌కు ఏమీ కాదు, దాన్ని చదువుతున్నామే తప్ప రాయడం లేదు. మళ్లీ మొదటి నుంచి చేసుకుంటే సరిపోతుంది. పార్టిషన్లు జరిపే పనిలో పోతే మాత్రం తూర్పు తిరిగి దణ్ణం పెట్టాల్సిందే.

తేలిక దారి: డిస్క్ కంపెనీ ఇచ్చే ప్రోగ్రాం

శాంసంగ్ డిస్క్ కొంటే శాంసంగ్ మెజీషియన్, క్రూషియల్‌కూ వెస్టర్న్ డిజిటల్‌కూ వాళ్ల పేరుతో వచ్చే అక్రోనిస్ ట్రూ ఇమేజ్, సీగేట్‌కు డిస్క్‌విజార్డ్ ఉచితంగా దొరుకుతాయి. ఆ కంపెనీ డిస్క్ తగిలించి ఉంటేనే పనిచేస్తాయి. ఒకప్పుడు అందరం వాడిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌ను 2024 మొదట్లో ఆపేశారు. పాత సెటప్ ఫైల్ ఎక్కడెక్కడి సైట్లలోనో వెతికి దించుకోకండి.

కొత్త డిస్క్ తగిలించగానే 'ఫార్మాట్ చేయమంటారా', 'ఇనిషియలైజ్ చేయమంటారా' అని విండోస్ అడగొచ్చు. అవసరం లేదు, మూసేయండి. ప్రోగ్రాం తెరిచి క్లోన్ డిస్క్ ఎంచుకుని, సోర్స్‌గా పాతది, టార్గెట్‌గా కొత్తది పెట్టండి. డిస్క్ 0, డిస్క్ 1 అనే అంకెలను నమ్మొద్దు. మోడల్ పేరు, సైజు రెండూ చదవండి. పాతదీ కొత్తదీ ఒకే కంపెనీవైతే సైజే గుర్తు.

అక్రోనిస్ రకాల్లో పార్టిషన్ల సైజు ముందే మార్చుకునే 'మాన్యువల్' పద్ధతి ఉంటుంది. రెండు నిమిషాలు ఎక్కువైనా అదే ఎంచుకోండి. సి డ్రైవ్‌ను కావలసినంత పెంచి, మిగతా చిన్నచిన్న పార్టిషన్లను ఉన్న సైజులోనే వదిలేయండి. ఇక్కడ ఈ పని చేసుకుంటే 'ఖాళీ జాగా కలపడం' అనే భాగం మీకు అక్కరే లేదు. ఆటోమేటిక్ పెడితే కొన్ని ప్రోగ్రాములు అన్ని పార్టిషన్లనూ దామాషాగా సాగదీస్తాయి, కొన్ని కొత్త జాగానంతా చివర్లో ఖాళీగా వదిలేస్తాయి.

తర్వాత క్లోన్ నొక్కి, ఆ సిస్టమ్‌లో ఇంకే పనీ చేయకుండా వదిలేయండి. 180 జీబీ డేటా ఉంటే పాత హార్డ్ డిస్క్ వేగాన్ని బట్టి అరగంట నుంచి గంటన్నర. చివర్లో 99 దగ్గర చాలాసేపు ఆగినట్టుంటే కంగారుపడి కేబుల్ పీకకండి.

రెండో దారి: క్లోన్‌జిల్లా

కంపెనీ ప్రోగ్రాం మొరాయిస్తే, లేదా రెండు వేర్వేరు కంపెనీల డిస్కులతో పదే పదే ఈ పని చేసేవారైతే క్లోన్‌జిల్లా నేర్చుకోవడం మేలు. ఉచితం, ఏ కంపెనీ డిస్క్ అయినా పరవాలేదు, విండోస్ ఆగి ఉన్నప్పుడు పనిచేస్తుంది కాబట్టి కాపీ శుభ్రంగా వస్తుంది. చూడ్డానికి మాత్రం ముతకగా ఉంటుంది: నీలం తెర మీద బూడిద రంగు పెట్టెలు, మౌస్ పనిచేయదు, బాణం కీలూ ట్యాబూ ఎంటరే దిక్కు.

క్లోన్‌జిల్లా సైట్ నుంచి స్టేబుల్ ఐఎస్‌ఓ (పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసుకునే ఫైల్) దించుకోండి. వెంటాయ్ అనే ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారు చేసి అందులో క్లోన్‌జిల్లా, జీపార్టెడ్ లైవ్ రెండు ఐఎస్‌ఓలూ కాపీ చేసి పెట్టుకోండి. పార్టిషన్లను జరిపే జీపార్టెడ్ తర్వాత అవసరం కావచ్చు. సిస్టమ్ ఆన్ చేస్తూ బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండండి. డెల్, లెనోవో అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్ అయితే ఎస్కేప్. సెక్యూర్ బూట్ అనే రక్షణ అడ్డుపడితే బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల తెరలో) తాత్కాలికంగా ఆపండి.

లోపలికి వెళ్లాక వరస ఇది. భాష ఇంగ్లిష్, కీబోర్డ్ మార్చకుండా 'స్టార్ట్ క్లోన్‌జిల్లా'. తర్వాత 'డివైస్-డివైస్'. తర్వాత 'బిగినర్' మోడ్. తర్వాత 'డిస్క్ టు లోకల్ డిస్క్'. ఇప్పుడు సోర్స్ అడుగుతుంది. ఇక్కడ డిస్క్‌లకు ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని పేర్లుంటాయి, ఎన్‌విఎంఈకి ఆ పేరుతోనే మొదలవుతుంది. పక్కనే సైజు, మోడల్ రాసి ఉంటాయి. పెన్‌డ్రైవ్ కూడా ఈ జాబితాలో కనిపించవచ్చు. పాత డిస్క్ మోడల్‌ను మీరు ముందు తీసిన ఫొటోతో పోల్చి చూసి అప్పుడు ఎంటర్ నొక్కండి. తర్వాత టార్గెట్. ఆ తర్వాత పార్టిషన్ పట్టికను ఏం చేయాలని అడుగుతుంది. సోర్స్‌లో ఉన్నట్టే ఉంచు అనే కే0 ఒకటి, దామాషాగా పెంచు అనే కే1 ఒకటి. నేనైతే విండోస్‌కు కే0 పెట్టి, జాగా తర్వాత చేత్తో కలుపుకుంటాను. కే1 చిన్న పార్టిషన్లనూ కదిలిస్తుంది, ఏదైనా తేడా వస్తే ఎక్కడ వచ్చిందో పట్టుకోవడం కష్టం.

టార్గెట్ డిస్క్‌లో ఉన్నదంతా పోతుందని హెచ్చరించి, వై నొక్కమని ఒకటికి రెండుసార్లు అడుగుతుంది. ఆ ప్రశ్న పైనే ఏ డిస్క్ చెరిగిపోతుందో దాని మోడల్, సైజు రాసి ఉంటాయి. అడిగిన ప్రతిసారీ అది చదవండి. అలవాటుగా వై, ఎంటర్, వై, ఎంటర్ కొట్టుకుంటూ పోవడం వల్లే పెళ్లి ఆల్బమ్ డిస్కులు ఖాళీ అయ్యేది.

క్లోన్‌జిల్లాకు మీ ల్యాప్‌టాప్‌లోని ఎన్‌విఎంఈ డిస్క్ కనిపించకపోతే డిస్క్ పాడైందని అనుకోకండి. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో వీఎండీ, ఆర్‌ఎస్‌టీ అనే సెట్టింగ్ దాన్ని దాచిపెడుతుంది. బయోస్‌లో దాన్ని కదిలిస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు. అలాంటప్పుడు వెనక్కి వచ్చి విండోస్‌లోంచే మొదటి దారి పట్టడం మంచిది.

డిస్క్ మార్చడం

క్లోన్ అయ్యాక సిస్టమ్ షట్‌డౌన్ చేయండి, రీస్టార్ట్ కాదు. డెస్క్‌టాప్ అయితే ప్లగ్ పీకండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసి, వెనక మూత విప్పి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, పవర్ బటన్ ఇరవై సెకన్లు నొక్కి పట్టుకోండి. మిగిలిన కరెంటు పోతుంది. మన పొడి గాలిలో ఒంట్లో స్టాటిక్ బాగా ఉంటుంది. డిస్క్ ముట్టుకునే ముందు సీపీయూ ఇనుప డబ్బానో, ఇనుప కిటికీ ఊచనో ఒకసారి తాకండి. ఎలాగూ మూత విప్పారు కాబట్టి ఫ్యాన్‌లో పేరుకున్న ఎర్ర దుమ్ము కూడా బ్రష్‌తో దులిపేయండి.

ల్యాప్‌టాప్ స్క్రూలు అన్నీ ఒకే పొడవుండవు. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీసి, ఏ స్క్రూ ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టుకోండి. పొడుగు స్క్రూను పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డ్ వైపు బుడిపె లేస్తుంది. రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీలు చాలావరకు 7 మి.మీ. మందం, పాత హార్డ్ డిస్కులు కొన్ని 9.5. లోపల వదులుగా ఉంటే పాతదాని చుట్టూ ఉన్న బ్రాకెట్‌ను దీనికి బిగించండి. ఎం.2 అయితే ఏటవాలుగా దూర్చి, కిందికి వంచి, చివర స్క్రూ వేయాలి. బలం వాడాల్సి వస్తోందంటే గాడి కుదరలేదని.

మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డిస్క్ ఎక్కడా తగిలించి ఉండకూడదు, యూఎస్‌బీలో కూడా. క్లోన్‌లో డిస్క్ గుర్తింపు సంఖ్య కూడా కాపీ అవుతుంది. రెండూ ఒకేసారి కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్ చేస్తుంది. కొన్నిసార్లు కొత్త డిస్క్ నుంచి బూట్ అయినట్టే ఉండి పాతదాన్ని వాడుతుంటుంది. అది తెలియక పాతదాన్ని ఫార్మాట్ చేసి తల పట్టుకున్నవాళ్లున్నారు.

ఖాళీ జాగా కలపడం

విండోస్ వచ్చాక డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. సి డ్రైవ్‌కు కుడి పక్కనే 'అన్‌అలొకేటెడ్' అని నల్ల గీతతో జాగా ఉంటే, సి మీద రైట్ క్లిక్ చేసి 'ఎక్స్‌టెండ్ వాల్యూమ్', నెక్స్ట్, నెక్స్ట్. పని అయిపోయింది.

చాలామందికి అంత తేలిగ్గా కాదు. ఎక్స్‌టెండ్ బూడిద రంగులో ఉండి నొక్కనివ్వదు. ఎందుకంటే సి డ్రైవ్‌కూ ఖాళీ జాగాకూ మధ్య ఐదారు వందల ఎంబీల రికవరీ పార్టిషన్ కూర్చుని ఉంటుంది. మీ చేనూ, మీరు కొత్తగా కొన్న చేనూ మధ్య వేరేవాళ్ల చెక్క ఉన్నట్టు. విండోస్ సొంత టూల్‌కు దాన్ని జరపడం రాదు. క్లోన్‌జిల్లా భాగంలో చెప్పినట్టు తయారు చేసిన పెన్‌డ్రైవ్‌లోని జీపార్టెడ్‌తో బూట్ చేయండి. డిస్క్ చివర్లో జాగా వాడలేదు, సరిచేయనా అని అడిగితే 'ఫిక్స్' నొక్కండి. రికవరీ పార్టిషన్‌ను ఎంచుకుని 'రీసైజ్/మూవ్'తో కుడి చివరికి లాగి, 'అప్లై' నొక్కండి. సి డ్రైవ్ పెంచే పని విండోస్‌లోకి వచ్చి చేసుకోండి. పార్టిషన్ జరిగాక రికవరీ మెనూ పనిచేస్తుందో లేదో ఒకసారి చూడండి. సెట్టింగ్స్‌లో రికవరీ, 'అడ్వాన్స్‌డ్ స్టార్టప్' నొక్కితే తెలుస్తుంది.

ఇక మన ఊళ్లలో మామూలుగా కనిపించే రకం ఇంకోటి. అసెంబుల్డ్ సిస్టమ్ ఇచ్చేటప్పుడే షాపువాళ్లు 500 జీబీని సి, డి, ఇ అని ముక్కలు చేసి ఇస్తారు. సికి 100 జీబీ, మిగతావి డేటాకు. క్లోన్ చేశాక ఖాళీ జాగా ఇ డ్రైవ్ తర్వాత ఎక్కడో చివర్లో పడుతుంది, సికి అందదు. జీపార్టెడ్‌తో డి, ఇలను కుడికి జరపొచ్చు. కానీ రెండు మూడు వందల జీబీల డేటా ఒక్కో ముక్కా కదలాలి, గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోతే అంతే. దీనికన్నా మంచి దారి మీ చేతిలోనే ఉంది: డి, ఇల్లోని డేటా మొత్తం పాత డిస్క్‌లో చెక్కుచెదరకుండా ఉంది కదా! పాత డిస్క్‌ను వేరే సిస్టమ్‌కు తగిలించి ఆ ఫైళ్లు తెరుచుకుంటున్నాయని ముందు చూసుకోండి. తర్వాత కొత్త డిస్క్‌లో డి, ఇ పార్టిషన్లను తీసేయండి, సిని పెంచండి, మిగిలిన జాగాలో కొత్తగా పార్టిషన్ చేసి దానికి డి అని అక్షరం ఇవ్వండి. అప్పుడు పాత డిస్క్‌ను యూఎస్‌బీలో పెట్టి డేటా కాపీ చేసుకోండి. ఆఫ్‌లైన్ అని చూపిస్తే డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాని పేరు మీద రైట్ క్లిక్ చేసి ఆన్‌లైన్ చేయండి. డ్రైవ్ అక్షరం, ఫోల్డర్ పేర్లు పాతవే ఉండాలి. ట్యాలీ డేటా డి డ్రైవ్‌లో ఉందని ప్రోగ్రాంకు చెప్పి ఉంటే అది అక్కడే వెతుకుతుంది. అందుకే రెండు డేటా డ్రైవ్‌లు వాడుతున్నవాళ్లు ఇ కూడా మళ్లీ చేసుకోవాలి.

బూట్ కాకపోతే

'నో బూటబుల్ డివైస్' అని వస్తే ముందు బయోస్‌లో కొత్త డిస్క్ కనిపిస్తోందో లేదో చూడండి. కనిపించకపోతే కేబుల్ వదులుగా ఉన్నట్టు. కనిపిస్తూ బూట్ కాకపోతే బూట్ ఆర్డర్‌లో 'విండోస్ బూట్ మేనేజర్'ను పైకి తేండి. అదీ లేకపోతే బూట్ మోడ్ చూడండి. పాత డిస్క్‌లో పార్టిషన్ పట్టిక ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో ఉంటే లెగసీ మోడ్ కావాలి, జీపీటీ అయితే యూఈఎఫ్‌ఐ. క్లోన్ చేసినా పద్ధతి మారదు. 2 టీబీ మించిన డిస్క్‌లో ఎంబీఆర్ అయితే ఆ మించిన జాగా వాడుకోలేం, అప్పుడు జీపీటీకి మార్చుకోక తప్పదు.

నీలం తెర మీద 'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అని వస్తే భయపడకండి. సాటా నుంచి ఎన్‌విఎంఈకి మారినప్పుడు ఇది తరచుగా వస్తుంది. విండోస్ అప్పటిదాకా ఆ డ్రైవర్‌ను నిద్రపుచ్చి ఉంచుతుంది. రెండు మూడుసార్లు బూట్ తప్పితే రికవరీ మెనూ దానంతటదే వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్, స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి సేఫ్ మోడ్‌లో ఒకసారి లోపలికి వెళ్లి, మామూలుగా రీస్టార్ట్ చేయండి. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. లేదంటే విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి 'రిపేర్ యువర్ కంప్యూటర్', 'స్టార్టప్ రిపేర్' నడపండి.

అన్నీ చేసినా బూట్ కాకపోతే కారణం యూఎస్‌బీ కేబుల్ కావచ్చు. కొన్ని పాత ఎన్‌క్లోజర్లు సెక్టార్ సైజును 512కు బదులు 4096గా చూపిస్తాయి. వాటిలో చేసిన క్లోన్‌ను లోపల బిగిస్తే మదర్‌బోర్డుకు పార్టిషన్లు అర్థం కావు. వేరే కేబుల్‌తో, లేదా రెండు డిస్కులనూ డెస్క్‌టాప్‌లో నేరుగా సాటాకు తగిలించి మళ్లీ చేయండి.

ఉబుంటు వాడేవాళ్లకు క్లోన్‌జిల్లా పద్ధతే సరిపోతుంది. పార్టిషన్ల యూయూఐడీలు కూడా కాపీ అవుతాయి కాబట్టి ఎఫ్‌స్టాబ్ ఫైల్ మార్చనక్కరలేదు. అందుకే రెండు డిస్కులూ ఒకేసారి తగిలించి బూట్ చేయకూడదు. జాగా పెంచడం జీపార్టెడ్‌తో, అంతే.

ఆ తర్వాత

ఫాస్ట్ స్టార్టప్, బిట్‌లాకర్ కావాలంటే మళ్లీ ఆన్ చేయండి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూడండి. షాపు సిస్టమ్ అయితే ప్రింటర్‌లో ఒక పేజీ తీయండి, వేలిముద్ర ఒకటి పెట్టించి చూడండి, సిగ్నేచర్ టోకెన్‌తో ఒక పీడీఎఫ్ సంతకం చేయండి, ట్యాలీలో నిన్నటి వోచర్ తెరవండి. కస్టమర్లు వచ్చే ముందే ఈ నాలుగూ అయిపోవాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. చాలామంది క్లోన్ చేసిన రోజే 11కు కూడా మార్చేద్దామనుకుంటారు. రెండూ కలపకండి. ఏదైనా తేడా వస్తే డిస్క్ వల్లా, అప్‌గ్రేడ్ వల్లా అన్నది తేలదు. ఒక వారం కొత్త డిస్క్ మీద పని చేసుకున్నాక అప్‌గ్రేడ్ సంగతి చూడండి.

పాత డిస్క్‌ను కనీసం నెల రోజులు ముట్టుకోకండి. క్లోన్ చేసిన తేదీ టేపు మీద రాసి అంటించి బీరువాలో పెట్టండి. నెల తర్వాత డేటాకు వాడుకోవాలంటే ఎన్‌క్లోజర్‌లో పెట్టుకోండి. డీవీడీ డ్రైవ్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే దాని చోట క్యాడీలో (డిస్క్ పట్టే ట్రేలో) బిగించుకోవచ్చు, క్యాడీ 9.5 మి.మీ., 12.7 మి.మీ. రెండు రకాలుంటుంది, డీవీడీ డ్రైవ్ మందం కొలుచుకుని కొనండి. అమ్మేసేటట్టయితే క్విక్ ఫార్మాట్ చాలదు, దాని మీది ఫైళ్లను ఎవరైనా వెనక్కి తీయగలరు. ఫార్మాట్ పెట్టెలో 'క్విక్' టిక్ తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి, హార్డ్ డిస్క్ మీద మొదటి నుంచి చివరి దాకా సున్నాలు రాస్తుంది. అందులో ఉన్న ప్రతి పార్టిషన్‌కూ విడివిడిగా చేయాలి. 500 జీబీకి రెండు గంటల దాకా పడుతుంది, రాత్రి పడుకునే ముందు పెట్టేయండి.